తగరపు బొమ్మకు గాజులాంటి ముక్క: అతుకు మీద ఒక సమీక్ష

బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల్లోని లోహపు బొమ్మలకు మొదటినుంచీ ఒక చిక్కు ఉంది. మనిషి, గుర్రం, కత్తి, కవచం లోహంలో చక్కగా పోతపోయవచ్చు. మంట, నీరు, మంత్రశక్తి, దెయ్యం, విమానపు అద్దపు కప్పు, గాల్లో తేలే నౌక కింద కనబడీ కనబడకుండా నిలిచే కాడ మాత్రం లోహంలో ఒప్పవు. వాటికి వెలుతురు దూరే పదార్థం కావాలి. అందుకే తయారీదారులూ, సరదాగా రంగులు వేసుకునేవాళ్ళూ పారదర్శక రెసిన్‌నో ప్లాస్టిక్‌నో తెచ్చి లోహానికి జోడిస్తారు. ఆ జోడింపు తరచూ దెబ్బతింటుంది. ముక్క ఊడిపోతుంది, లేదా అతుకు చుట్టూ తెల్లటి మసక పట్టేస్తుంది, లేదా కొన్నేళ్ళకు జిగురు పచ్చబడి అందాన్ని పాడుచేస్తుంది. అప్పుడు అందరూ అడిగేది, ఏ జిగురు మంచిది అని. దశాబ్దాలుగా పోగుపడ్డ జవాబులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అడగాల్సిన ప్రశ్నల్లో ఇది మూడోదని నాకు అనిపిస్తుంది. మొదటిది అతుకు ఆకారం. రెండోది ఆ అతుకు దగ్గర వెలుతురు ఏమవుతుందన్నది. ఈ రెండూ తేలాక జిగురు ఎంపిక పెద్ద కష్టం కాదు. ఇవి తేల్చకుండా ఎంత ఖరీదైన జిగురు కొన్నా డబ్బు దండగే.

ఈ రెండు పదార్థాలు మొదటే కలిసి ఎందుకు పుట్టవో బొమ్మల చరిత్ర చెబుతుంది. లండన్‌లోని విలియం బ్రిటన్ సంస్థ 1893లో బోలు సీసపు సైనికులను పోతపోయడం మొదలుపెట్టింది. 1913లో హెచ్.జి. వెల్స్ అలాంటి బొమ్మలతో ఇంట్లో నేల మీద ఆడుకునే యుద్ధానికి నియమాలు రాసి ‘లిటిల్ వార్స్’ అన్న పుస్తకం వేశాడు. ఊహాలోకపు వీరులూ రాక్షసుల బొమ్మలు 1970ల్లో ఊపందుకున్నాయి. అమెరికాలోని సిన్సినాటీలో 1975లో రాల్ పార్థా, ఇంగ్లండ్‌లో 1979లో సిటాడెల్ మొదలయ్యాయి. నాటింగ్‌హామ్ చుట్టుపక్కల ఇలాంటి సంస్థలు ఎంతగా పెరిగాయంటే ఆ ప్రాంతానికి ‘లెడ్ బెల్ట్’ అన్న పేరే పడింది. పేరులో సీసం ఉన్నా, 1990ల్లో సీసం మీద ఆందోళన పెరిగాక చాలా సంస్థలు తగరం ప్రధానంగా, కొద్దిపాటి ఆంటిమొనీ, రాగి, కొన్నిచోట్ల బిస్మత్ కలిపిన మిశ్రమాలకు మారాయి. వాడుకలో దీన్ని వైట్ మెటల్ అంటారు. గుండ్రటి రబ్బరు అచ్చును గిరగిరా తిప్పుతూ మధ్యలోంచి కరిగిన లోహం పోస్తే అది అంచులదాకా విసురుగా పారి సన్నటి వివరాలను కూడా నింపుతుంది. శుద్ధ తగరమే 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. ఆ వేడికి ఏ పారదర్శక రెసిన్ అయినా పాడవుతుంది. కాబట్టి రెండింటినీ ఒకే అచ్చులో పుట్టించే దారి లేదు, విడివిడిగా చేసి తర్వాత కలపాల్సిందే. 2011లో గేమ్స్ వర్క్‌షాప్ తన లోహపు బొమ్మల్లో చాలావాటిని ఫైన్‌కాస్ట్ అన్న రెసిన్‌కు మార్చింది. అలాగని లోహం కనుమరుగు కాలేదు. స్పెయిన్‌లో కోర్వుస్ బెల్లి, టెక్సస్‌లో రీపర్ లోహపు పోతను కొనసాగించాయి. పాత బొమ్మలను వెతికి కొనేవాళ్ళ సంగతి సరేసరి.

పారదర్శకం అన్న ఒక్క మాట కింద నిజానికి నాలుగైదు వేర్వేరు పదార్థాలున్నాయి. చిన్న తయారీదారులు పోసేది ఎక్కువగా పాలీయురెథేన్. నీటి దృశ్యాలు చేసేవాళ్ళు ఎపాక్సీ పోస్తారు. కర్మాగారాల నుంచి వచ్చే నిలబెట్టు కాడలు అక్రిలిక్‌వో పాలీస్టైరీన్‌వో అయి ఉంటాయి. ఇంట్లో త్రీడీ ప్రింటర్‌తో తీసుకునేవి అతినీలలోహిత కాంతికి గట్టిపడే అక్రిలేట్ రెసిన్లు. ఈ తేడా తెలియకపోతే మొదటి అడుగులోనే దెబ్బ తగులుతుంది. ప్లాస్టిక్ బొమ్మల సిమెంట్ పాలీస్టైరీన్‌ను కరిగించి కలుపుతుంది. లోహంలో కరిగేదేమీ లేదు కాబట్టి అక్కడ అది పనికిరాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలా రెసిన్లను నిక్షేపంగా శుభ్రం చేస్తుంది గానీ, లోపల ఒత్తిడి ఉన్న అక్రిలిక్ మీద సన్నటి పగుళ్ళు తెప్పించగలదు. ముద్రించిన ముక్క సరిగ్గా కడగకుండా, కాంతిలో పూర్తిగా గట్టిపడకుండా ఉంటే దాని మీది జిగట పొరనే జిగురు పట్టుకుంటుంది, ముక్కను పట్టుకోదు. లోహం వైపు కూడా ఇదే కథ. రబ్బరు అచ్చుకు చల్లిన టాల్కం పొడి బొమ్మ మీద మిగిలి ఉంటుంది. గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడగడం, అతికే చోట ఆకురాయితోనో గరుకు కాగితంతోనో గీకి మెరిసే లోహాన్ని బయటపెట్టడం ఏ జిగురుకైనా ముందు చేయాల్సిన పనులు. వీటి మీద ఎవరికీ అభిప్రాయభేదం లేదు కనుక ఇక్కడ ఆగను.

అసలు గట్టిదనపు ప్రశ్న దగ్గర మాత్రం ఆగి లెక్క వేయాలి, ఎందుకంటే ఇక్కడే చాలా సలహాలు దారి తప్పుతాయి. 30 గ్రాముల లోహపు బొమ్మ 3 మి.మీ. మందమున్న పారదర్శక కాడ చివర అతికి ఉందనుకుందాం. దాని బరువు అతుకు మీద వేసే బలం సుమారు 0.3 న్యూటన్. ఆ అతుకు వైశాల్యం 7 చదరపు మిల్లీమీటర్లు. మామూలు సూపర్ గ్లూ చదరపు మిల్లీమీటరుకు 10 న్యూటన్లు ఓర్చుకుంటుందని తక్కువలో తక్కువ అనుకున్నా, నేరుగా లాగితే 70 న్యూటన్లు తట్టుకోవాలి. బరువుకు రెండు వందల రెట్లు పైమాట. మరి ఎందుకు ఊడుతోంది? ఆటలో ఎవరూ బొమ్మను నేరుగా పైకి లాగరు, పక్కనుంచి తగిలిస్తారు. అతుకుకు 40 మి.మీ. ఎత్తున వేలు తగిలి 5 న్యూటన్ల తోపు పడిందనుకోండి. అంటే అర కిలో బరువంత. అతుకు దగ్గర వంపు 200 న్యూటన్ మిల్లీమీటర్లు అవుతుంది. 3 మి.మీ. గుండ్రటి ముఖం అంచున అది చదరపు మిల్లీమీటరుకు 75 న్యూటన్ల ఒత్తిడి. ఇంట్లో వాడే ఏ జిగురూ ఆ దరిదాపులకు రాదు. అదే అతుకును 6 మి.మీ. వెడల్పు చేస్తే ఒత్తిడి 9.4కు పడిపోతుంది, ఎందుకంటే వ్యాసం రెట్టింపైతే వంపును ఓర్చే సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది. జిగురు మార్చి రెట్టింపు గట్టిదనం సంపాదించడమే గొప్ప. ఆకారం మారిస్తే ఎనిమిది రెట్లు వస్తుంది. కింద పడటం సంగతి చూసినా ఇదే తేలుతుంది. 75 సెం.మీ. ఎత్తు బల్ల మీదినుంచి పడ్డ 30 గ్రాముల బొమ్మ 1 మి.మీ. దూరంలో ఆగితే సగటు బలం 220 న్యూటన్లు.

దీనికి పాతకాపులు చెప్పే విరుగుడు పిన్ను: రెండువైపులా సన్నటి రంధ్రం తొలిచి ఇత్తడి తీగ దూర్చడం. లోహపు చేతిని లోహపు భుజానికి కలపడంలో దీనికి మించింది లేదు. పారదర్శక ముక్క విషయంలో మాత్రం ఆ మాటను యథాతథంగా ఒప్పుకోలేను. పైన చెప్పిన వంపునే 1.5 మి.మీ. ఇత్తడి తీగ ఒక్కటే మోయాల్సి వస్తే దానిలో ఒత్తిడి 600 దాటుతుంది. మామూలు ఇత్తడి అంతకు చాలా ముందే వంగిపోతుంది. పిన్ను పక్కకు జారడాన్ని ఆపుతుంది, ముక్కను సరైన చోట కూర్చోబెడుతుంది, వెడల్పైన ముఖంతో కలిసి పనిచేస్తే బాగా బలమిస్తుంది. పొడవాటి కాడ వంపును మాత్రం ఒంటరిగా ఆపలేదు. అక్కడ కావలసింది గుంత. కాడనే 5 మి.మీ. లోతుకు లోహంలో దించితే వంపు గుంత గోడల మీద రెండు ఎదురెదురు తోపులుగా విడిపోతుంది. లెక్క వేస్తే గోడల మీద సగటు ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 8 న్యూటన్ల దగ్గర తేలుతుంది, అదీ ఎక్కువగా నొక్కే ఒత్తిడే. జిగురుకు నొక్కుడంటే భయం లేదు, చీల్చడమంటేనే భయం. ఇక తెగితే కాడే తెగాలి. అక్రిలిక్ వంపులో సుమారు 100 దాకా ఓర్చుకుంటుంది కనుక 75 దగ్గర బతికి బయటపడుతుంది, కొద్దిలో అయినా సరే. వైట్ మెటల్ మెత్తన కాబట్టి చేతి డ్రిల్లుతో ఆ గుంత తొలవడం కష్టం కాదు. బొమ్మ పొట్టలోనో, నౌక అడుగునో మందమున్న చోటు చూసుకుంటే చాలు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. పారదర్శక ముక్కలో పిన్ను పెడితే బయటికి కనిపిస్తుంది కదా, తొలిస్తే ఆ రంధ్రం తెల్లగా గీరుకుపోయి మరీ ఘోరంగా కనిపిస్తుంది కదా అన్నది మొదటిది. ఇత్తడి తీగ విషయంలో ఇది నిజమే. కానీ పిన్ను ఇత్తడిదే కావాలని ఎవరన్నారు? 1 లేదా 1.5 మి.మీ. అక్రిలిక్ కడ్డీ వాడవచ్చు. తేలికైన మంటకూ మంత్రపు వలయానికీ అది చాలు. తెల్లటి గీరుళ్ళ సంగతి కింద వెలుతురు గురించి చెప్పేటప్పుడు తేలుతుంది. అవి మిగలాల్సిన అవసరం లేదు. రెండో అభ్యంతరం, రెసిన్ ముక్క తేలికైనది, దానికింత హడావిడి దేనికి అన్నది. ఇందులో సగం న్యాయం ఉంది. వైట్ మెటల్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.3 గ్రాములు, రెసిన్‌ది 1.1 చిల్లర. లోహపు మంత్రగాడి అరచేతిలో నిలిపిన చిన్న మంటకు తన బరువు సమస్యే కాదు, కాస్త జిగురు చాలు. బరువు తలకిందులైనప్పుడే ప్రమాదం, అంటే పైన లోహం, కింద సన్నటి పారదర్శక కాడ. 1999లో వచ్చిన బ్యాటిల్‌ఫ్లీట్ గోథిక్ ఆటలో లోహపు అంతరిక్ష నౌకలు ఇలా కాడల మీదే తేలేవి. కాబట్టి పారదర్శక రెసిన్‌ను లోహానికి ఎలా అంటించాలన్న ఒకే ప్రశ్నకు ఒకే జవాబు చెప్పే సలహాలు సగం చోట్ల తప్పవుతాయి. ఎవరు ఎవరిని మోస్తున్నారన్నది ముందు చూడాలి.

ఇక వెలుతురు. పారదర్శక ముక్క అతుకు దగ్గర కంటికి కొట్టేది జిగురు అని అందరూ అనుకుంటారు. లెక్క చూస్తే అసలు దోషి గాలి. వెలుతురు ఒక పదార్థం నుంచి మరోదానిలోకి వెళ్ళేటప్పుడు ఎంత భాగం తిరిగి వస్తుందన్నది ఆ రెండింటి వక్రీభవన గుణకాల తేడా మీద ఆధారపడుతుంది. గాలిది 1, అక్రిలిక్‌ది సుమారు 1.49. ఆ హద్దు దగ్గర నిటారుగా పడే వెలుతురులో దాదాపు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. అదే అక్రిలిక్ పక్కన 1.55 గుణకమున్న ఎపాక్సీ ఉంటే తిరిగి వచ్చేది 0.04 శాతం, అంటే వందో వంతు. కంటికి ఆ హద్దు లేనట్టే. అందుకే తొలిచిన రంధ్రపు గోడల గరుకుతనం ఎంతున్నా, గుణకం దగ్గరగా ఉన్న జిగురు ఆ గీతలన్నిటినీ తడిపి నింపితే తెలుపు మాయమవుతుంది. గీత కనబడేది దానిలో గాలి ఉన్నందుకే. అదే కారణంగా జిగురులో చిక్కిన ఒక్క బుడగ అతుకు మొత్తం మీద ఎక్కువ రచ్చ చేస్తుంది. కటకాలు చేసేవాళ్ళకు ఇది పాత పాఠం. రెండు కటకాలను కలపడానికి చాలాకాలం కెనడా బాల్సం అనే చెట్టు బంక వాడేవారు. దాని గుణకం గాజుకు దగ్గర కావడమే ఆ ఎంపికకు కారణం. ఇప్పుడు ఆ పనికి కాంతితో గట్టిపడే కృత్రిమ జిగుర్లు వచ్చాయి. మన అవసరానికి అర్థమేమిటంటే, ముఖం నిండా తడిసి, సందు లేకుండా, నెమ్మదిగా పారే జిగురు కావాలి. రెండు మూలల్లో చుక్క పెట్టి నొక్కడం ఎంతమాత్రం కుదరదు.

జిగురు కనబడకుండా పోయాక కనిపించేది దాని వెనకున్న లోహం. పారదర్శక ముక్కను నల్లటి ప్రైమర్ మీద కూర్చోబెడితే మంట అడుగంతా మసిలా కనిపిస్తుంది. గీకిన తెల్లటి లోహం మీద కూర్చోబెడితే వెలుతురు వెనక్కి తిరిగి మంట లోపలినుంచి వెలిగినట్టుంటుంది. మన కంసాలులు మూసిన పొదుగులో రాయి వెనక తళుకు రేకు పెట్టేది ఇందుకే. ఆ రాయిని పట్టి ఉంచేది లక్క ఒక్కటే కాదు, చుట్టూ మడిచిన లోహపు అంచు కూడా. బలం ఒకచోటి నుంచి, కాంతి మరోచోటి నుంచి వస్తాయన్న విభజన అక్కడ స్పష్టంగా ఉంది. దీన్ని పట్టుకుంటే పని వరుస కూడా తేలుతుంది. కొందరు ముందు అతికించి తర్వాత రంగు వేయమంటారు, ఎందుకంటే రంగు మీద పెట్టిన జిగురు బలం రంగు పట్టున్నంతే. ఇంకొందరు ముందు రంగు వేయమంటారు, లేకపోతే పారదర్శక ముక్క మీద ప్రైమర్ చింది, మ్యాట్ వార్నిష్ పొగమంచులా కమ్ముకుంటుంది. రెండు వాదాలూ సరైనవే, రెండూ కలిసి నడవగలవు. అతికే ముఖాన్ని మట్టిలాంటి మెత్తటి బంకతోనో మాస్కింగ్ ద్రవంతోనో మూసి, మిగతా బొమ్మకు ప్రైమర్, రంగు, వార్నిష్ అన్నీ పూర్తిచేసి, చివర్లో మూత తీసి శుభ్రమైన లోహం మీద ముక్కను నిలపాలి. ఎర్రటి మంట కావాలంటే ఆ లోహం మీద చిక్కటి రంగు వేయకుండా, జిగురులోనే చుక్క పారదర్శక రంగు కలపడం మేలు. అప్పుడు పట్టూ పోదు, వెలుగూ పోదు.

ఇప్పుడు జిగుర్ల వంతు. సూపర్ గ్లూ పుట్టుకే పారదర్శక పదార్థాల వెతుకులాటలో జరిగింది. 1942లో ఈస్ట్‌మన్ కొడాక్‌లో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురికి పారదర్శక ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఈ జిగురుకు మూలమైన సయనోఅక్రిలేట్ ప్రతిదానికీ అంటుకుని విసిగించింది, పక్కన పెట్టేశారు. 1951లో జెట్ విమానాల అద్దపు కప్పులకు వేడి తట్టుకునే పదార్థాలు పరిశీలిస్తూ ఫ్రెడ్ జాయ్‌నర్ దాని వక్రీభవన గుణకం కొలవబోయాడు. కొలిచే పరికరంలోని రెండు పట్టకాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. అప్పుడు గానీ అది జిగురని గుర్తించలేదు. 1958లో ఈస్ట్‌మన్ 910గా మార్కెట్లోకి వచ్చింది. గాలిలో, వస్తువుల మీద ఉండే సన్నటి తేమ తగిలి ఇది గట్టిపడుతుంది. ఆ వేగమే దాని గొప్ప, ఆ తేమే దాని చిక్కు. గట్టిపడని ద్రవంలో కొంత ఆవిరై, గాలిలోని తేమతో కలిసి, చుట్టుపక్కల తెల్లటి పొడిగా దిగుతుంది. లోహం మీద దాన్ని రంగుతో కప్పేయవచ్చు. పారదర్శక ముక్క మీద అది నేరుగా కంటికి తగులుతుంది. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిదని తయారీదారులు చెబుతారు. విశాఖపట్నం, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో వానాకాలంలో తేమ తరచూ 75 దాటే ఉంటుంది, అక్కడ ఈ తెలుపు మరింత త్వరగా పడుతుంది. జిగురు తక్కువ వేయడం, ఫ్యాన్ గాలి మెల్లగా తగలనివ్వడం, ఆవిరి తక్కువగా వచ్చే మెథాక్సీఇథైల్ రకాలు వాడటం కొంతవరకు కాపాడతాయి. త్వరగా బిగియడానికి చల్లే యాక్టివేటర్ మాత్రం పారదర్శక ముక్క దగ్గర వద్దు. అదే మసకనూ, కొన్ని ప్లాస్టిక్‌లలో పగుళ్ళనూ తెస్తుంది.

దశాబ్దాలుగా లోహపు బొమ్మలన్నీ సూపర్ గ్లూతోనే నిలబడ్డాయి కదా, ఇప్పుడు దాన్ని తక్కువ చేయడం ఎందుకని అనేవాళ్ళుంటారు. ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చను. అయితే అవి ఎక్కడ నిలిచాయో చూడాలి. లోహపు చేయి లోహపు భుజంలో చక్కగా కూర్చునేలా పోతపోసి ఉంటుంది, సందు 0.1 మి.మీ. లోపు ఉంటుంది, ఆవిరి తెలుపును రంగు కప్పుతుంది. ఈ మూడూ సూపర్ గ్లూకు కలిసొచ్చే పరిస్థితులు. పారదర్శక ముక్క దగ్గర మూడూ తారుమారవుతాయి. రెసిన్ పోతలో ముడుచుకుంటుంది కాబట్టి సందు మిగులుతుంది, వంపు ఎక్కువ, కప్పడానికి రంగు లేదు. గట్టిపడ్డ సయనోఅక్రిలేట్ పెళుసు, చీల్చే బలానికీ తాకిడికీ త్వరగా లొంగుతుంది. రబ్బరు కలిపి గట్టిచేసిన రకాలున్నాయి, వాటిలో పేరున్నవి నల్లగా ఉంటాయి. గుంతలో దాగే అతుకుకు అవి భేషుగ్గా పనికొస్తాయి. భారతదేశంలో ప్రతి కిరాణా కొట్లో దొరికే ఫెవిక్విక్‌కు కూడా నేను ఒప్పుకునే చోటు ఉంది. ముక్కను సరైన చోట పట్టి ఉంచడానికి కనబడని మూలలో ఒక చుక్క పెట్టి, అసలు పట్టును మరో జిగురుకు వదలడం.

ఆ మరో జిగురు చాలాసార్లు ఎపాక్సీ. రెండు గొట్టాల్లో వచ్చే అరాల్డైట్ తరహా జిగురు సందులను నింపుతుంది, ముడుచుకోవడం తక్కువ, లోహాన్నీ చాలా రెసిన్లనూ సమానంగా పట్టుకుంటుంది, గుణకం కూడా రెసిన్లకు దగ్గరే. గుంత, వెడల్పు ముఖం, పారదర్శక పిన్ను, ఏదైనా ఇది చాలు. లోపాలు రెండు. అయిదు నిమిషాల రకం త్వరగా బిగుస్తుంది గానీ నెమ్మది రకంతో పోలిస్తే వేడికీ నీటికీ బలహీనం. ఇంకోటి, సాధారణ ఎపాక్సీ అతినీలలోహిత కాంతికి పచ్చబడుతుంది. దానిలోని బిస్ఫినాల్ వలయాలు అందుకు కారణం. అద్దాల అల్మరాలో, ఎండ తగలని చోట ఉండే బొమ్మకు ఆ పసుపు ఏళ్ళ తరబడి కనిపించకపోవచ్చు. కిటికీ పక్కన పెట్టే నీలిరంగు మంత్రపు ముక్కకు త్వరగానే కనిపిస్తుంది. నా మాటగా చెప్పాలంటే, బరువు మోసే అతుక్కి 24 గంటల ఎపాక్సీకి సాటి లేదు, మంట ఎరుపూ నారింజా అయితే కాస్త పచ్చదనం నష్టం కూడా కాదు. కలిపేటప్పుడు గాలి కొట్టకుండా మెల్లగా తిప్పడం, కలిపాక కాసేపు వదిలి బుడగలు పైకి రానివ్వడం గుర్తుంచుకోవాలి. ఇంతకుముందు చెప్పిన గాలి లెక్క ఇక్కడే అక్కరకొస్తుంది.

కాంతితో గట్టిపడే జిగురు ఈ సమస్యకోసమే పుట్టిందని కొందరి వాదం, దానిలో బలముంది. రెండు ముక్కల్లో ఒకటైనా పారదర్శకమైతే కాంతి లోపలికి చేరుతుంది. మనకు కావలసినంతసేపు ముక్కను సర్దుకుని, సరిగ్గా కుదిరాక లైటు వేసి క్షణాల్లో బిగించవచ్చు. గాజును లోహానికి అతికే పరిశ్రమల్లో ఇది నిలకడైన పద్ధతి. కానీ మూడు చోట్ల ఇది మోసం చేస్తుంది. పచ్చబడకుండా ఉండేందుకు చాలా పారదర్శక ప్లాస్టిక్‌లలో అతినీలలోహిత కాంతిని మింగే మందు కలిపి ఉంటుంది, 365 నానోమీటర్ల లైటు వాటిని దాటకపోవచ్చు. 405 నానోమీటర్ల ఊదారంగు లైటూ, దానికి స్పందించే జిగురూ కావాలి. లోహంలోని లోతైన గుంత అడుగుకు కాంతి చేరదు, అక్కడ ద్రవం పచ్చిగానే మిగులుతుంది. గాలి తగిలే అంచున ఆక్సిజన్ వల్ల జిగట పొర నిలిచిపోతుంది, దాన్ని తుడవాలి. పైగా అక్రిలేట్లు గట్టిపడేటప్పుడు ఎపాక్సీ కంటే ఎక్కువ ముడుచుకుంటాయి, మందంగా పోస్తే అంచు విడిపోతుంది. కనుక గుంతలో ఎపాక్సీ, బయటికి కనిపించే ముఖానికీ అంచు సందులకూ కాంతి జిగురు అన్న జోడీ నాకు అన్నిటికంటే సమంజసంగా కనిపిస్తుంది. విమానాల నమూనాలు చేసేవాళ్ళు అద్దపు కప్పుకు వాడే తెల్లటి నీటి జిగురును కూడా ఇక్కడ సిఫారసు చేస్తుంటారు. అది పొగ పట్టించదు, ఎండితే తేటగా ఉంటుంది. నీరు ఆవిరయ్యే దారి కావాలి కాబట్టి, లోహానికీ రెసిన్‌కూ మధ్య వెడల్పైన ముఖంలో అది లోపల ఎండడానికి చాలా కాలం పడుతుంది. సన్నటి అంచున్న కప్పుకు సరే, బరువుకు వద్దు.

వేడి గురించి చెప్పే మాటల్లో అతిశయం కొంత ఉంది. తగరం ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో 22 వంతులు సాగితే అక్రిలిక్ 70 వంతులు సాగుతుంది. 30 డిగ్రీల తేడాకు 4 మి.మీ. అతుకులో వచ్చే వ్యత్యాసం 0.006 మి.మీ., పట్టించుకోనక్కరలేదు. పీఠం పొడవునా 20 మి.మీ. అతికిన నీటి పలకలో అది 0.03 మి.మీ. దగ్గర ఉంటుంది. సన్నటి పెళుసు సూపర్ గ్లూ పొరకు అది ఎక్కువ, కాస్త మందమున్న ఎపాక్సీ పొరకు ఫర్వాలేదు. అసలు భయం జిగురూ రెసినూ మెత్తబడటం. రెంటచింతలలోనో ఖమ్మంలోనో 45 డిగ్రీలు దాటే మే నెలలో మూసి ఉంచిన కారు లోపలి వేడి 60 దాటడం కష్టం కాదు. ముద్రించిన పారదర్శక రెసిన్లలో కొన్ని ఆ దగ్గరే వంగడం మొదలుపెడతాయి, అయిదు నిమిషాల ఎపాక్సీ కూడా పట్టు సడలిస్తుంది. ఆటకు తీసుకెళ్ళే పెట్టెలో నౌకను కాడ మీద నిలబెట్టకుండా విడిగా పడుకోబెట్టగలిగితే ఈ గొడవంతా తప్పుతుంది. చిన్న నియోడిమియం అయస్కాంతాన్ని లోహం వైపు గుంతలోనూ, మరోదాన్ని కాడ తలమీదా అమర్చి విడదీసే అతుకు చేసుకోవడం అందుకే చాలామందికి నచ్చింది. అయస్కాంతం కనబడుతుందన్న విమర్శ నిజమే, కానీ నౌక అడుగున ఉండే ఆ చుక్కను బల్ల మీదినుంచి చూసేవాళ్ళు గమనించరు. వేలు తగిలితే విరగకుండా ఊడి, మళ్ళీ అతుక్కుంటుంది. బరువైన లోహం పైన, సన్నటి కాడ కింద ఉన్న ప్రతిచోటా నేను దీనికే ఓటు వేస్తాను.

చివరగా పాత సీసపు బొమ్మల మాట. వాటికి పారదర్శక ముక్క తగిలించాలనుకునేవాళ్ళు వినెగర్ వాసన వచ్చే సిలికోన్ సీలెంట్ దగ్గరికి వెళ్ళకూడదు. అది గట్టిపడేటప్పుడు వదిలే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లటి కార్బనేట్ పొడిగా తినేస్తుంది. చెక్క అల్మరాల్లో ఉంచిన సీసపు బొమ్మలు పాడయ్యేది కూడా అలాంటి ఆవిర్లతోనే. అంతేకాదు, ఇవి మళ్ళీ విప్పి బాగుచేయాల్సి వచ్చే వస్తువులు. లోహానికి లోహం అతికిన సూపర్ గ్లూను ఫ్రీజర్‌లో కొన్ని గంటలు ఉంచి మెలితిప్పితే ఊడుతుంది, లేదా ఎసిటోన్‌లో నాన్చవచ్చు. పారదర్శక ముక్క ఉంటే ఎసిటోన్ ముందు దాన్నే పాడుచేయవచ్చు. ఎపాక్సీ అయితే విప్పడమన్న మాటే లేదు. మ్యూజియంలలో ఎక్కువగా వాడే పారాలాయిడ్ బి-72 అన్న అక్రిలిక్ జిగురు సులువుగా పచ్చబడదు, దాని గుణకం అక్రిలిక్‌ది లాగే సుమారు 1.49, సీసానికి హాని చేయదు. దాన్నీ ఎసిటోన్‌లోనే కలుపుతారు గానీ, ఇథనాల్‌లో కూడా నెమ్మదిగా మెత్తబడుతుంది కాబట్టి విప్పేటప్పుడు ముక్కను కాపాడుకునే అవకాశం ఉంటుంది. అరుదైన పాత బొమ్మ మీద బరువు లేని ముక్కకు ఇదే సరైన ఎంపిక అని నా నమ్మకం. ఒక్క షరతు: దాని మెత్తబడే ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్. లండన్ మ్యూజియం గదికి అది సరిపోతుంది. ఎండాకాలంలో ఏసీ లేని తెలుగు ఇంట్లో ఆ బొమ్మను గోడలు కాగే పడమటి గదిలో కాకుండా ఇంటి మధ్య గదిలో, అతుకు మీద బరువు పడని భంగిమలో ఉంచాలి.